మూడుసార్లు ఊడదీసిన స్టార్టర్

బొడ్డు నాగరత్నం, ముప్పై తొమ్మిదేళ్ళు, ఎక్కడ టీ తాగినా గ్లాసు తనే కడిగి బోర్లించి వస్తుంది. మునగలపాలెం గ్రామ పంచాయతీకి ఆవిడ సర్పంచి. ఊళ్ళో మాత్రం ప్రెసిడెంటుగారంటే ఆవిడ కాదు, ఆవిడ మొగుడు బ్రహ్మయ్య. సీటు ఆడవాళ్ళకి రిజర్వయిన ఏడాది నామినేషన్ కాగితం మీద ఆవిడ పేరు రాయించింది ఆయనే. గోడల మీద ఆవిడ బొమ్మ పక్కన అంతకన్నా పెద్ద బొమ్మ వేయించుకున్నదీ ఆయనే. గెలిచిన రోజు మెడలో దండలు వేయించుకుని ట్రాక్టరెక్కి ఊరేగిందీ ఆయనే. ఆ వేళ నాగరత్నం ఇంట్లో, వచ్చిన వాళ్ళందరికీ టీ పెడుతోంది. ఇందులో వింతేమీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని పంచాయతీలకు ఆడవాళ్ళు సర్పంచులో అన్నిటికీ మగవాళ్ళే ప్రెసిడెంట్లు.

ఇలాంటి వాళ్ళని బాగు చేయడానికి జిల్లా కేంద్రం దాటాక, హైవే పక్కన ఒక శిక్షణ సంస్థ ఉంది. నాగరత్నం అక్కడికి రావడం ఇది మూడోసారి. మొదటి విడతలో హక్కులూ బాధ్యతలూ చెప్పారు. రెండో విడతలో ఆత్మవిశ్వాసం చెప్పారు: రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను నాయకురాలిని" అని గట్టిగా అనుకోవాలి. నాగరత్నం ఒకరోజు అంది కూడా. పక్క గదిలోంచి అత్తగారు "ఎవరితోనే ఆ మాటలు?" అని అడిగింది. అక్కడితో ఆ సాధన ఆగిపోయింది. ఈసారి విడత పేరు వ్యక్తిత్వ వికాసం. మైకు నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలో, వేదిక ఎక్కేటప్పుడు కొంగు ఎలా సర్దుకోవాలో నేర్పారు. మగ సర్పంచులకు వేదిక మీద పంచె సర్దుకోవడం ఎక్కడ నేర్పుతారని ఒకావిడ అడిగితే అందరూ నవ్వి మళ్ళీ కొంగు పాఠంలో పడ్డారు.

మూడు విడతలకూ నాగరత్నం పేరు పంపింది బ్రహ్మయ్యే. "నేర్చుకోవాలి గదా పాపం" అనేవాడు అడిగినవాళ్ళతో. ఆవిడ శిక్షణలో ఉన్నప్పుడల్లా ఊళ్ళో ఏదో ఒక సభ జరిగేది, ఏదో ఒక తీర్మానం అయ్యేది. ఆవిడ తిరిగి వచ్చాక ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించేవాళ్ళు.

శిక్షణ రెండో రోజు సాయంత్రం హాల్లో ఉత్తుత్తి గ్రామసభ పెట్టారు. నాగరత్నాన్ని అధ్యక్షురాలిగా కూర్చోబెట్టారు. మిగతా ఆడవాళ్ళలో కొందరు ఊరిజనం, కొందరు గొడవ చేసేవాళ్ళు. తాగునీటి పైపుల విషయం చర్చకు వచ్చింది. అడ్డంగా మాట్లాడిన వాళ్ళని నాగరత్నం కూర్చోబెట్టింది, మూలనున్న వాళ్ళని లేపి మాట్లాడించింది, తీర్మానం చదివి చేతులెత్తించి ఆమోదింపజేసింది. చూస్తున్న వాళ్ళు చప్పట్లు కొట్టారు. సంస్థ సమన్వయకర్త ప్రసాదరావు మెచ్చుకోలుగా తలాడించాడు. "ఇక్కడ బ్రహ్మాండంగా చేస్తారమ్మా. ఊళ్ళోకెళ్ళాకే డీలాపడిపోతారు. అదే మీతో చిక్కు. మీకింకో విడత పడాలి" అన్నాడు. నాలుగో విడత ఎప్పుడో కూడా అప్పుడే చెప్పేశాడు.

ఆ సంస్థలో పాఠాలు చెప్పే వాళ్ళలో వకుళ టీచరు ఒకరు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆడవాళ్ళ సంఘాల్లో తిరిగి తిరిగి గొంతు బొంగురుపోయింది. ఎవరేం అడిగినా సూటిగా జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఆ క్షణాన దగ్గర్లో ఏది జరుగుతుంటే దాన్ని చూపించి ఊరుకుంటుంది. అందుకే కొందరికి ఆవిడంటే భక్తి. చాలామందికి విసుగు. ఆవిడకు ఈ సంస్థ మీదా, సంస్థ పెట్టే శిక్షణల మీదా అంతకు పదింతల విసుగు. "నేను మానేస్తే నా బదులు కొంగు సర్దుకోవడం నేర్పేవాళ్ళని ఇంకొకర్ని పెడతారు. అందుకని మానను" అనేది.

మూడో రోజు పొద్దున్న వకుళ టీచరు వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే నాగరత్నం గబగబా వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో ఫోను ఉంది. అప్పుడే వాళ్ళ ఊరి అంగన్‌వాడీ కార్యకర్త మరియమ్మ ఫోన్ చేసింది. ఆ సంభాషణ ఉన్నదున్నట్టు చెప్పింది నాగరత్నం.

"అమ్మా, ఇయ్యాల మధ్యాన్నం సభంట, మీకు తెలుసా?" అంది మరియమ్మ.

"నాకెవరూ చెప్పలా."

"మీరు ట్రైనింగులో ఉన్నారుగా, అందుకని ఉపసర్పంచిగారే పెడతారంట. రోడ్డు పక్క మన అంగన్‌వాడీ స్థలం ఆయన కాటాకి ఇచ్చేస్తన్నారంట. ప్రెసిడెంటుగారు కూడా ఒప్పుకున్నారంట."

"ప్రెసిడెంటుని నేనేగా మరియమ్మా."

"అదేనమ్మా. సారుగారు" అంది మరియమ్మ.

ఉపసర్పంచి సాంబిరెడ్డికి లారీలున్నాయి. లోడు తూచే కాటా పెట్టుకోవడానికి రోడ్డు వార ఆ స్థలం ఆయనకు చాలా కాలంగా కావాలి. అంగన్‌వాడీ పిల్లలకి సొంత గది లేదు. మరియమ్మ ఇంటి వసారాలోనే చదువూ, తిండీ, నిద్రా. వానొస్తే అందరూ గోడకి ఆనుకుని నిలబడతారు. ఆ స్థలం పిల్లల గదికే అని నాగరత్నం ఓట్లు అడిగిన రోజుల్లో ప్రతి గడపకీ చెప్పింది. ఆ మాట ఒక్కటే ఆవిడ సొంతంగా ఇచ్చింది. మిగతావన్నీ బ్రహ్మయ్య ఇచ్చినవి. సర్పంచి లేకపోతే సభకు ఉపసర్పంచి అధ్యక్షుడవుతాడు. స్థలం అడిగేవాడూ ఆయనే, ఇచ్చే సభకు పెద్దా ఆయనే. అందుకే ఆవిడ ఊరికి తిరిగి రాకముందే, శిక్షణ ఆఖరి రోజైన ఇవాళే సభ పెట్టారు.

ఇదంతా చెప్పి నాగరత్నం ఊపిరి తీసుకుంది. "టీచరుగారూ, నిన్న ఇక్కడ నేను మాట్లాడానా లేదా?"

"మాట్లాడావు."

"బాగానేనా?"

"చాలా బాగా."

"మరి మా ఊళ్ళో నోరెందుకు పెగలదు? లేస్తాను, మైకు పట్టుకుంటాను, అంతే. నా ముందు ఏ కాగితం ఉందో, ఎందుకుందో తెలియదు. ఆయన వైపు చూస్తాను. ఆయనే చెప్పేస్తాడు. తప్పు నాలో ఉందా? ఉంటే ఎక్కడుందో ఒక్కసారి తేల్చి చెప్పండి, బాగు చేసుకుంటాను. అంతేగాని ఇట్టా ఎన్ని ట్రైనింగులకి రావాలి నేను? మా ఆయన అడుగుతుంటాడు, ఇంకా నేర్చుకోలేదా అని. నాకే సిగ్గేస్తోంది."

వకుళ టీచరు పేపరు మడిచింది. "ఊరికి పోతావా ఇవాళ?"

"పోవాలనే ఉంది. పోయి ఏం చేస్తాను? మళ్ళీ మైకు పట్టుకుని నిలబడతాను."

"ముందు కారెక్కు. బస్సు కోసం చూస్తే సభ అయిపోయాక దిగుతావు. సంస్థ కారు ఇప్పిస్తాను పద."

సంస్థ కారు వేపచెట్టు కింద ఉంది. డ్రైవరు కోటయ్య సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. 'టక్' మంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ 'టక్'. అంతకు మించి ఏమీ లేదు. కోటయ్య అద్దం దించి తల బయటపెట్టాడు. "మళ్ళీ స్టార్టరే మేడం. హారన్ చూడండి ఎట్టా మోగుద్దో" అంటూ హారన్ నొక్కాడు. చెట్టు మీది కాకులు లేచిపోయాయి. "లైట్లు చూడండి, ఎట్టా ఎలుగుతున్నాయో. బ్యాటరీ మొన్నే కొత్తది. ఇంజను తిప్పే ఈ స్టార్టరు మోటారే ముదనష్టపుది."

"పోయిన నెలేగా బాగు చేయించావు?"

"చేయించాను. అంతకుముందు నెలా చేయించాను. దాని జాతే అంత మేడం. కాస్త దెబ్బ పడితేగాని మాట వినదు." కోటయ్య డిక్కీలోంచి జాకీ రాడ్డు తీసుకుని కారు కిందికి దూరాడు. టంగుమని రెండు దెబ్బలు వినిపించాయి. లేచి వచ్చి తాళం తిప్పాడు. 'టక్'. "ఒక్కోసారి దెబ్బకి పనిచేస్తది" అన్నాడు, తనకు తానే నచ్చజెప్పుకుంటున్నట్టు.

"ఒక్కోసారి పనిచేస్తుందని ప్రతిసారీ కొడతావు. మీకందరికీ ఇదొక్క వైద్యమే వచ్చు" అంది వకుళ టీచరు. కోటయ్య దాన్ని కారు గురించే అనుకున్నాడు.

హైవే అవతల జిలానీ రిపేరు షెడ్డుంది. పిలిస్తే సామాను పెట్టె పట్టుకుని వచ్చాడు. ఇంజను వైపు చూడకుండానే అన్నాడు, "స్టార్టరు దింపేస్తా మేడం. దింపి చూస్తేగాని తెలియదు."

"మూడుసార్లు దింపావు."

"దింపాను. మొదటిసారి కార్బన్లు అరిగినాయి, కొత్తవి వేశాను. రెండోసారి బుష్షులు మార్చి గ్రీజు పెట్టాను. మూడోసారి లోపల తిరిగే ఆర్మేచరుకి తీగ చుట్టించాను. ఇంక మిగిలింది మొత్తానికి కొత్తది వేసుకోవడమే."

"అందులో పాతదేం మిగిలింది జిలానీ? పై డొక్కు తప్ప?"

జిలానీ నవ్వాడు. "అదీ నిజమే."

"పోయినసారి బాగు చేశాక చూశావా, పని చేస్తుందో లేదో?"

"చూడకుండా ఎట్టా ఇస్తాను మేడం. బల్ల మీద బిగించి డైరెక్టుగా కరెంటు ఇచ్చా. బొంగరంలా తిరిగింది. మీరు చూసుంటే ముచ్చటపడేవాళ్ళు."

"అంతకుముందు సారి?"

"అప్పుడూ అంతే. నా బల్ల మీద అది ఎప్పుడూ తిరగకుండా లేదు. ఈ కార్లోకి ఎక్కించాకే దీనికి రోగమొస్తది."

నాగరత్నానికి ఓపిక పోతోంది. సూర్యుడు చెట్టు దాటి పైకొచ్చాడు. ఆవిడ ఒకసారి రోడ్డు వైపు చూసింది, ఒకసారి ఫోను వైపు చూసింది. "టీచరుగారూ, నేను నడిచి రోడ్డెక్కి ఏ లారీనన్నా ఆపుకుంటాను. ఇది ఇప్పట్లో తేలేది కాదు" అంది.

"కాసేపు ఉండు. తేలుతుంది" అంది వకుళ టీచరు. జిలానీ వైపు తిరిగి, "బల్ల మీద కరెంటు ఏ తీగతో ఇచ్చావు?" అని అడిగింది.

"నా తీగలతోనే. ఇవిగో." పెట్టెలోంచి వేలంత లావున్న రెండు తీగలు తీసి చూపించాడు.

"మరి ఈ కార్లో దానికి కరెంటు ఏ తీగ మీద వస్తుంది?"

"కారు తీగ మీదే. అది చూశాను మేడం, అది చూడకుండా మోటారు జోలికి పోతానా?" జిలానీ కొంచెం నొచ్చుకున్నాడు. వోల్టులు కొలిచే మీటరు తీసి కారు కిందికి వంగి దాని తీగల కొసన ఉన్న ఒక ముల్లు మోటారుకి తీగ కలిసే బోల్టు మీదా, ఇంకోటి మోటారు ఒంటి మీదా పెట్టాడు. "చూడండి. పన్నెండున్నర వోల్టులు. బ్యాటరీలో ఎంతుందో ఇక్కడా అంతే. తీగ బంగారంలా ఉంది. ఇస్తున్నది నిండుగా ఇస్తున్నాం. తీసుకోలేకపోతోంది ఇదే."

ఆ మాటకు నాగరత్నం తల తిప్పి చూసింది. నిన్న సాయంత్రం ప్రసాదరావు దాదాపు అదే మాట అన్నాడు. రాజ్యాంగం మీకు అన్నీ ఇచ్చిందమ్మా, తీసుకోవడం మీకు చేతకావట్లేదు అని.

"ఆ ముళ్ళు అక్కడే క్లిప్పులతో బిగించి, మీటరు ఈవిడ చేతికివ్వు" అంది వకుళ టీచరు. "కోటయ్యా, న్యూట్రల్లో ఉందా? హ్యాండ్ బ్రేకు వెయ్యి. నేను చెప్పినప్పుడు తాళం తిప్పు."

"తిప్పితే తిరగదు కదా మేడం" అన్నాడు జిలానీ. "తిరగనప్పుడు కొలిచి ఏం లాభం?"

"నువ్విప్పటిదాకా కొలిచింది దాన్ని ఎవరూ ఏ పనీ అడగనప్పుడు. ఇప్పుడు అడిగి కొలుద్దాం."

జిలానీ భుజాలెగరేసి మీటరు నాగరత్నం చేతిలో పెట్టాడు. ఆవిడకు అంకెలు చదవడం ఎందుకో, ఊరికి పోవాల్సిన మనిషిని ఇక్కడ నిలబెట్టడం ఎందుకో అర్థం కాలేదు. అయినా చూసింది. "పన్నెండున్నర ఉంది" అంది.

"తిప్పు కోటయ్యా."

'టక్.'

"నాలుగు" అంది నాగరత్నం. "టీచరుగారూ, నాలుగుకి పడిపోయింది."

"వదిలేయ్ కోటయ్యా. ఇప్పుడో?"

"మళ్ళీ పన్నెండున్నరే."

"మళ్ళీ తిప్పు."

"మళ్ళీ నాలుగే. ఏందిది?" నాగరత్నం మీటరు మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"ముళ్ళు తీసి బ్యాటరీ మీద పెట్టు జిలానీ. అదీ తాళం తిప్పినప్పుడే చూడాలి."

బ్యాటరీ మీద పెట్టారు. తాళం తిప్పారు. అక్కడ పన్నెండుకి పైనే ఉంది, కొంచెం తగ్గిందంతే. నాగరత్నం బ్యాటరీ వైపు చూసింది, కిందికి వంగి మోటారు వైపు చూసింది. మధ్యలో ఇంజను పక్కగా పోతున్న నల్లటి తీగ ఒకటే ఉంది.

"అంటే అక్కడ పన్నెండు బయల్దేరి ఇక్కడికి నాలుగే వస్తన్నాయా?" అంది. ఆవిడ గొంతు లేచింది. "మధ్యలో మిగతా ఎనిమిదీ ఎవరు తింటన్నారు?"

కోటయ్య పకపకా నవ్వాడు. "ప్రెసిడెంటుగారు మాట్లాడినట్టుందండీ" అన్నాడు. నాగరత్నం నవ్వలేదు. వకుళ టీచరు కూడా నవ్వలేదు. "తీగ పట్టుకుని చూడు" అని మాత్రం అంది.

నాగరత్నం పట్టుకుని వెంటనే చెయ్యి తీసేసింది. బ్యాటరీ కొసన తీగ వేడెక్కి ఉంది. జిలానీ బ్యాటరీ తీగ ఊడదీసి, వేడిగా ఉన్న చోట పైన నల్ల తొడుగుని కత్తితో నిలువుగా చీల్చాడు. లోపల రాగి లేదు. రాగి ఉండాల్సిన చోట పచ్చటి పొడి ఉంది. అది దులిపితే వెంట్రుకల్లాంటి పోగులు కొన్ని మిగిలాయి. ఊరికే ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులూ మీటరుకి చూపించడానికి ఆ పోగులు చాలు. ఇంజను తిప్పే బరువు పడ్డప్పుడు చాలవు. కోటయ్య రాడ్డుతో కొట్టినప్పుడల్లా కదిలింది ఈ తీగే. ఒక్కోసారి ఆ కదలికకి పోగులు కాస్త దగ్గరై కారు కదిలేది. దెబ్బ పనిచేసిందని కోటయ్య అనుకునేవాడు. మోటారుకి దెబ్బలు మిగిలేవి.

"పైకి ఎంత బాగుందో చూడండి" అన్నాడు జిలానీ తొడుగుని వేళ్ళతో తడుముతూ. "ఒక్క చీలిక లేదు."

"పైన ఎప్పుడూ బాగానే ఉంటుంది. మూడు నెలల నుంచి ఇది తిన్నదంతా నువ్వు ఆ మోటారు ఖాతాలో రాశావు" అంది వకుళ టీచరు. "నేను మొదటిరోజే అడిగాను, తీగ చూశావా అని. మీకెందుకు మేడం ఇవన్నీ, మీరు పాఠాలు చూసుకోండి అన్నారు ఇద్దరూ. అవునా కాదా?"

కోటయ్య స్టీరింగు తుడవడం మొదలుపెట్టాడు. జిలానీ తన లావుపాటి తీగని బ్యాటరీ నుంచి మోటారుకి నేరుగా తగిలించాడు. "తిప్పు" అన్నాడు. కోటయ్య తాళం తిప్పాడో లేదో ఇంజను అందుకుంది. అదే మోటారు, అదే బ్యాటరీ, అదే తాళం.

"కొత్త తీగ తెచ్చి బిగించు" అంది వకుళ టీచరు. "మోటారు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

జిలానీ రోడ్డు దాటి తీగ తెచ్చేలోపు ప్రసాదరావు హాల్లోంచి వచ్చాడు. చేతిలో పూలగుత్తి ఉంది. ముగింపు సభకి ఎవరో అధికారి వస్తున్నారు. "నాగరత్నమ్మగారూ, ఎక్కడికమ్మా? ముగింపు సభలో నిన్నటిలా మాట్లాడాల్సింది మీరే. పైగా ఇవాళ లేకపోతే సర్టిఫికెట్టు ఇవ్వడం కుదరదు. రూలు మరి."

"మా ఊళ్ళో సభ ఉందండీ" అంది నాగరత్నం.

"అయ్యో, దానికి మీవారున్నారు కదమ్మా. పొద్దున ఫోన్ చేసి చెప్పారు కూడా, మీరు మధ్యలో వస్తానంటే కాస్త నచ్చజెప్పమని. మీ మీద ఎంత శ్రద్ధో ఆయనకి."

నాగరత్నం ఫోను తీసి బ్రహ్మయ్యకి చేసింది. స్పీకరు పెట్టి అందరికీ వినిపించేలానే మాట్లాడింది.

"ఇవాళ సభ పెట్టమని ఎవరన్నారు?"

"అందరం అనుకున్నాంలే" అన్నాడు బ్రహ్మయ్య. గొంతులో కోపం లేదు. ఆయనకు కోపం రాదు, ఊళ్ళో అందరూ ఆ మాటే చెబుతారు. "నువ్వు కంగారు పడమాక. చిన్న తీర్మానం. నేను చూసుకుంటాగా."

"అందరంలో నేనున్నానా?"

"నీకు చెబుదామనే అనుకున్నా రత్నం. చదువుకునేదాన్ని ఎందుకు డిస్టర్బు చేయడమని."

"సభ నోటీసు నా పేరు మీదే గదా వచ్చింది?"

"నీ పేరు మీద గాక ఎవరి పేరు మీద వస్తది?"

"అది ఎవరి చేతికొచ్చింది?"

"ఎవరి చేతికొస్తే ఏముంది? నేను వేరా, నువ్వు వేరా?"

"నా సంతకం కీ ఎక్కడుంది?"

పంచాయతీ డబ్బు కదలాలంటే కంప్యూటరుకి గుచ్చే చిన్న కీ ఒకటుంటుంది. అది సర్పంచి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. ఈ విషయం మొదటి విడత శిక్షణలో బోర్డు మీద రాసి మరీ చెప్పారు. "నా జేబులోనే భద్రంగా ఉంది. నీ దగ్గరుంటే ఎక్కడన్నా పారేస్తావని" అన్నాడు బ్రహ్మయ్య.

నాగరత్నం ఫోను పెట్టేసింది. ప్రసాదరావు సర్దిచెప్పబోయాడు. "చూశారా, ఎంత శాంతంగా మాట్లాడారో. అలాంటి భర్త దొరకడం..."

"ప్రసాదరావుగారూ, ఆ పూలు వాడిపోతాయి. లోపలికెళ్ళి నీళ్ళలో పెట్టండి" అంది వకుళ టీచరు.

జిలానీ కొత్త తీగ రెండు కొసలా బిగించి, ముందు చేసినట్టే తాళం తిప్పించి కొలిచాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే మీటరు నాగరత్నానికి అందించాడు. మోటారు దగ్గర పదకొండు దాకా ఉంది. ఇంజను నడుస్తుండగా బానెట్ మూశాడు. నాగరత్నం వెనక సీట్లో కూర్చుంది. కోటయ్య గేరు వెయ్యబోతుంటే ఆపి, అద్దం దించింది. మొహంలో ఇంకా విసుగు పోలేదు.

"టీచరుగారూ, పొద్దున నేను అడిగిన దానికి మీరు జవాబు చెప్పలేదు."

వకుళ టీచరు కిటికీ మీద చెయ్యి పెట్టి వంగింది. "ఊరికే నిలబెట్టి కొలిస్తే ఏ తీగైనా మంచిదేనమ్మా. బరువు లాగేటప్పుడు కొలవాలి" అంది. చెయ్యి తీసేసి కారుని పొమ్మంది.

ఆ మధ్యాహ్నం మునగలపాలెం సభలో నాగరత్నం అధ్యక్షురాలి కుర్చీలో తనే కూర్చుని మొగుణ్ణి వేదిక మీద నుంచి దింపించింది, స్థలం అంగన్‌వాడీకే రాయించింది, ఆ తర్వాత ఏ శిక్షణకూ వెళ్ళలేదు.